ఎర్రచుక్క వెనక్కి నడిచిన చలికాలం

ఆమె ఇరవై ఎనిమిదేళ్ళుగా చొక్కాలకు కాలర్లు మాత్రమే కుట్టింది. షర్టుల యూనిట్‌లో పని అలాగే ఉంటుంది. ఒకరు చేతులు అతికిస్తే ఇంకొకరు జేబులు కుడతారు, మూల మిషను దగ్గర కూర్చున్న మనిషి పొద్దస్తమానం కాజాలు తీస్తూనే ఉంటుంది. ఆమె దగ్గరికి చొక్కా మెడ లేకుండా వచ్చి మెడతో వెళ్ళేది. రోజుకు నూట ఎనభై మెడలు. అందుకే అందరూ ఆమెను కాలరమ్మ అనేవారు. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు అదే ఆమె పేరనుకుని హాజరు పట్టీలో కూడా అలాగే రాసేశాడు. ఆమె దిద్దమని అడగలేదు.

యాభై ఒకటో ఏట ఆమె మెడే పట్టేసింది. మొదట్లో ఎవరైనా పిలిస్తే తల తిప్పడానికి బదులు మనిషంతా తిరిగేది. తర్వాత్తర్వాత కుడిచెయ్యి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. కాలరు మూలలు ముద్దకట్టాయి. రెండు కట్టలు వెనక్కి తిరిగొచ్చాక సూపర్‌వైజరు, అన్నాళ్ళ పనిమంతురాలికి ఎలా చెప్పాలో తెలియక, "కొన్నాళ్ళు బొత్తాల బల్ల దగ్గర కూర్చోండమ్మా, అక్కడ గాలి బాగా వస్తుంది" అన్నాడు. ఊడిన బొత్తాలు ఏరే బల్ల అది. గాలి నిజంగానే బాగా వచ్చేది. ఆమెకు మాత్రం ఊపిరాడేది కాదు.

ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి ఆమె మెడ మీద వేళ్ళు పెట్టి చాలాసేపు నొక్కి చూసింది.

"మీరు తలెత్తి పైకి చూసి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

కాలరమ్మ ఆలోచించింది. "కిందటేడు ఫ్యాను తుడిచాను" అంది.

"రోజూ సాయంత్రం ఓ అరగంట పైకి చూడండి. మెల్లగా ఎడమకీ కుడికీ తిప్పుతూ చూడండి. చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే రెండో రోజుకే మానేస్తారు."

ఆ సాయంత్రం ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని ఇంటి కప్పు వైపు చూడటం మొదలుపెట్టింది. మూడో నిమిషంలో బూజు కనిపించింది. అయిదో నిమిషంలో చీపురు కోసం లేచింది. డ్యూటీ దిగి వచ్చిన భర్త, ఆయన సిటీ బస్సు డ్రైవరు, స్టూలెక్కి ఉన్న భార్యను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పైకి చూడమన్నారా, బూజు దులపమన్నారా?"

"రెండూ ఒకటే కదండీ."

"మేడ మీదికి వెళ్ళు. అక్కడ దులపడానికి ఏమీ ఉండదు."

మేడ మీదికి వెళ్ళడం అంత తేలిక కాదు. మెట్లు ఇంటి బయటి నుంచి ఉన్నా, పై అంతస్తులో తోటికోడలి గుమ్మం ముందు నుంచే పోవాలి. ఆ తోటికోడలితో కాలరమ్మకు నాలుగేళ్ళుగా మాటల్లేవు.

ఆవిడ ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయింది. వీధిలో అందరికీ నర్సమ్మే. నాలుగేళ్ళ కిందట ఆవిడ భర్త, అంటే డ్రైవరుకు అన్నగారు, పోయాడు. అప్పుడు కాలరమ్మ, "ఒక్కదానివీ ఎందుకక్కా పైన, ఆ గదులు ఖాళీ చేసి కిందికి వచ్చెయ్యి" అంది. ఆవిడ అప్పుడు ఏమీ అనలేదు. మర్నాటి నుంచి ఇంకేమీ అనడం కూడా మానేసింది. పక్కింటివాళ్ళ ద్వారా తెలిసిందేమంటే, ఆయన పోయి నెల తిరక్కుండానే గదులు ఖాళీ చెయ్యమన్నారని ఆవిడ మనసు విరిగిపోయిందట. సర్దిచెప్పబోతే తలుపు తియ్యలేదు. ఆ తర్వాత పంతం వచ్చి చేరింది. ఒకే పంపు నీళ్ళు, ఒకే గేటు, ఒకే పాలవాడు. మధ్యలో ఉలుకూ పలుకూ లేదు.

కాలరమ్మ పిల్లిలా అడుగులేసుకుంటూ ఆ గుమ్మం దాటి మేడ ఎక్కింది.

మొదటి రోజు నీళ్ళ ట్యాంకు పక్కన సన్నటి నెలవంక కనిపించింది. చూడ్డానికి ఏదో ఒకటి కావాలన్నారు కాబట్టి దాన్నే చూసింది. మర్నాడు అదే వేళకు వెళితే అది ట్యాంకు పక్కన లేదు. ఇంకాస్త పైన, ఎడంగా ఉంది, కాస్త లావెక్కింది. తనే ఆలస్యంగా వచ్చిందేమో అనుకుంది. మూడో రోజు గడియారం చూసుకుని మరీ వెళ్ళింది. మళ్ళీ జరిగింది. చెయ్యి చాచి పిడికిలి బిగించి కొలిచింది. నిన్నటి చోటికీ ఇవాళ్టి చోటికీ మధ్య ఒక పిడికిలి, పైన ఒక వేలు. నాలుగో రోజూ అంతే.

యాభై ఒక్కేళ్ళుగా చంద్రుణ్ణి చూస్తూనే ఉంది. రోజురోజుకీ పెరుగుతాడని తెలుసు. ఇలా అంగలేస్తూ నడుస్తాడని మాత్రం తెలియదు. ఎవరూ దాచిపెట్టిన సంగతి కాదు. ఇన్నాళ్ళూ తన నెత్తిమీదే జరుగుతూ వచ్చింది. మెట్లు దిగుతుంటే ఎవరో తనొక్కదాన్నే పక్కకు పిలిచి చెవిలో మాట చెప్పినట్టు అనిపించింది.

ఒక సాయంత్రం వీధి మొత్తం కరెంటు పోయింది. కళ్ళు చీకటికి అలవాటు పడేకొద్దీ ఆకాశం మెల్లమెల్లగా నిండుతూ వచ్చింది. ముందు పెద్ద చుక్కలు, వాటి సందుల్లో చిన్నవి, వాటి వెనక పిండి చల్లినట్టు ఇంకా చిన్నవి. ఇరవై నిమిషాలకు ఆమె మెడనొప్పి మరిచిపోయింది. అంతలో కరెంటు వచ్చింది. వీధి దీపాలు కింద దూరంగా ఉన్నాయి, వాటితో బాధ లేదు. మేడ గుమ్మం మీది బల్బు మాత్రం మొహాన కొట్టినట్టు వెలిగింది. చుక్కలన్నీ పోయి నాలుగైదు మిగిలాయి.

ఆ బల్బు రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. దాని స్విచ్చి నర్సమ్మ గదిలో ఉంది.

కాలరమ్మ మూడు రోజులు ఆ తలుపు ముందు నిలబడి వెనక్కి వచ్చింది. నాలుగో రోజు తట్టింది. తలుపు తెరుచుకుంది. నర్సమ్మ చేతిలో సగం మడిచిన తువ్వాలు ఉంది. జుట్టు బాగా నెరిసింది. రోజూ గేటు దగ్గర చూస్తున్నా ఆ సంగతి కాలరమ్మ అప్పుడే గమనించింది.

"అక్కా, మేడ మీది లైటు ఓ అరగంట ఆపుతావా?"

నాలుగేళ్ళ తర్వాత వాళ్ళ మధ్య నడిచిన మొదటి మాట అది.

"ఎందుకు?"

"చుక్కలు కనిపించట్లేదు."

"ఏ చుక్కలు?"

"పైవి."

నర్సమ్మ ఆమె వైపు, రోగిని పైనుంచి కిందిదాకా చూసినట్టు చూసి తలుపు వేసేసింది. కాలరమ్మ తల దించుకుని మెట్లెక్కింది. పై మెట్టు మీద కాలు పెట్టగానే బల్బు ఆరిపోయింది.

సరిగ్గా అరగంటకు మళ్ళీ వెలిగింది. ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు. మర్నాడు అడక్కుండానే ఆరింది, అరగంటకు వెలిగింది. అలా అయిదు రోజులు. ఆరో రోజు అరగంట దాటినా వెలగలేదు. చీకట్లో చెప్పుల చప్పుడు వినిపించింది.

"రోజూ అరగంటసేపు ఏం చూస్తావు?" అంది నర్సమ్మ, కాస్త దూరంలోనే ఆగి.

కాలరమ్మ చేత్తో చూపించింది. తూర్పున గుత్తిలా ఉన్న చిన్న చుక్కలు. "అవి పిల్లలకోడి. మా అమ్మ చూపించేది. నాకు ఏడు కనిపిస్తున్నాయి."

నర్సమ్మ చాలాసేపు చూసింది. "ఆరే."

"కళ్ళజోడు మార్చాలక్కా నీకు."

"నువ్వు ఎక్కువ లెక్కపెడుతున్నావు."

వెళ్ళేముందు నర్సమ్మ పిట్టగోడకు ఆనుకుని, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పింది. "నైట్ డ్యూటీలో ఉన్నప్పుడు వార్డు కిటికీ మూలకి ఒక చుక్క వచ్చేది. మూడో మంచం ఆయనకి రెండింటికి ఇంజెక్షను, సరిగ్గా అప్పుడే వచ్చేది. రెండు నెలలు పోయేసరికి పదింటికే వచ్చేసింది. వార్డు గడియారం చెడిందనుకుని మార్పించాను. కొత్త గడియారంలోనూ అంతే."

"మరి ఎవరినీ అడగలేదా?"

"అడిగితే నన్ను మంచమెక్కిస్తారని ఊరుకున్నాను."

చీకట్లో ఇద్దరూ నవ్వుకున్నారు, ఒకరి నవ్వు ఒకరికి కనబడకుండా.

చూసింది మర్నాటికి గుర్తుండటం లేదని కాలరమ్మ ఒక ఉపాయం చేసింది. కటింగ్ బల్ల కింద పారేసిన ముదురు నీలం గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చుకుంది. పిడికిలికి నాలుగు అంగుళాల లెక్కన సుద్దతో గుర్తులు పెట్టి, ఒక్కో చుక్కకు తెల్లదారంతో ఒక్కో ముడి కుట్టింది. పెద్ద చుక్కకు పెద్ద ముడి. పిడికిలికి అందని సన్నటి కొలతలకు ఇంకో చిట్కా కనిపెట్టింది. ఒక దారాన్ని రెండు చేతుల మధ్య బిగించి చాచి పట్టుకుని, ఏ రెండు చుక్కల మధ్య గీతలో మూడో చుక్క పడుతోందో చూసేది. నర్సమ్మ ఊరుకోలేదు. పాత డ్యూటీ పుస్తకం ఒకటి తీసి గళ్ళు కొట్టింది. తేదీ, వేళ, మబ్బు ఎంత, ఏ చుక్క ఎన్ని పిడికిళ్ళ ఎత్తు. జ్వరం రాసినట్టే రాసేది. టార్చి వెలుగు కళ్ళలో పడకుండా దాని మూతికి ఎర్రటి లైనింగు గుడ్డ కట్టుకున్నారు.

ఆ ఎర్రని మసక వెలుగులో గుడ్డ మీదికి వంగిన రెండు తలలను ఓ రాత్రి డ్రైవరు మెట్ల మీద నుంచి చూసి, చప్పుడు చెయ్యకుండా దిగిపోయాడు. కింద వంటింట్లో తనే అన్నం వడ్డించుకుని తిన్నాడు.

తూర్పున పిల్లలకోడికి కాస్త కింద, మిగతా వాటన్నిటికంటే పెద్దగా ఒక ఎర్రచుక్క ఉండేది. మిగతావి మిణుకుమంటుంటే అది నిలకడగా, నిప్పుకణికలా వెలిగేది. కాలరమ్మ దానికీ ముడి కుట్టింది, నారింజ రంగు దారంతో. వారం తర్వాత దారం బిగించి చూస్తే అది గీతలో లేదు. గుడ్డ మీద చోటు తప్పు కుట్టానేమో అనుకుని విప్పి మళ్ళీ కుట్టింది. ఇంకో వారానికి మళ్ళీ తప్పింది.

"తక్కినవన్నీ కుట్టిన చోటే ఉన్నాయి. ఇదొక్కటే ఉండట్లేదక్కా" అంది.

"నడిచేదానికి కుట్టెందుకు వేస్తావు? సూది గుచ్చు."

అప్పటి నుంచి ఎర్రచుక్కకు వారానికొక గుండుసూది గుచ్చారు. అది పిల్లలకోడి వైపు నడుస్తోంది. చాలా మెల్లగా, రోజుకు టేపు మీది సన్నగీతంత. ఒక్క రోజుకు తేడా తెలిసేది కాదు. వారానికి మాత్రం తప్పకుండా తెలిసేది. బొత్తాల బల్ల దగ్గర కూర్చున్నప్పుడు కూడా కాలరమ్మకు అది పగటి వెలుతురు వెనక ఎక్కడో నడుస్తూనే ఉంటుందని గుర్తొచ్చేది. చేతిలో బొత్తాం ఉండేది, చూపు కిటికీలో ఉండేది. పక్కనున్న వాళ్ళు "ఆకాశంలో ఏం కుడుతున్నావే" అని ఆటపట్టించేవారు. ఆమె తల తిప్పి నవ్వేది. తల మాత్రమే తిప్పి. అది ఆమె గమనించలేదు, వాళ్ళూ గమనించలేదు.

ఆరేడు వారాలు అలా గడిచాయి. చలి బాగా ముదిరింది. ఇద్దరూ దుప్పట్లు కప్పుకుని మేడ మీద చాపేసి కూర్చునేవారు. ఎర్రచుక్క పిల్లలకోడికి ఒక పిడికిలి దూరం దాకా వచ్చింది. ఎప్పుడు చేరుతుందా అని ఇద్దరూ కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశారు. ఒక వారం సూది గుచ్చబోతే పాత సూది చోటే వచ్చింది. ఆ పై వారం గుచ్చిన సూది ఎర్రచుక్క వచ్చిన దారి వైపే పడింది.

నర్సమ్మ పుస్తకంలోకి చూసి, గుడ్డలోకి చూసి, "దారం వంకరగా పట్టుకున్నావు" అంది.

"ఇరవై ఎనిమిదేళ్ళుగా దారం పట్టుకుంటున్నానక్కా. నువ్వే కిందటి వారం తప్పు రాసి ఉంటావు."

"నేనా? ముప్పై ఏళ్ళలో నా చార్టులో ఒక్క తప్పు లేదు. నా చార్టు తప్పితే మనుషులు పోతారు."

చలికో, చిరాకుకో, కాలరమ్మ నోట మాట జారింది. "చార్టు సరిగ్గా రాసినా పోయేవాళ్ళు పోతారు కదా."

ఆ మాట గాల్లో ఉండగానే ఆమెకు అర్థమైంది. నాలుగేళ్ళ కిందట బావగారు పోయింది నర్సమ్మ పనిచేసే వార్డులోనే. ఆఖరి పన్నెండు రోజుల చార్టు ఆవిడ చేత్తో రాసిందే.

నర్సమ్మ కలం మూత పెట్టింది. పుస్తకం చాప మీద ఉంచింది. దుప్పటి మడిచి చంకన పెట్టుకుని దిగిపోయింది. కాసేపటికి బల్బు వెలిగింది. ఆ రాత్రి ఇక ఆరలేదు.

పది రోజులు ఆరలేదు. తలుపు కొడితే తెరుచుకోలేదు. కాలరమ్మ గుమ్మం ముందు కూర్చుని, మూసిన తలుపుతోనే, "ఆ మాట బావగారి గురించి కాదక్కా. ఒట్టు" అంది. లోపల గిన్నె కడుగుతున్న చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

అయినా ఆమె రోజూ మేడెక్కింది. బల్బు వెలుతురులో మిగతా చుక్కలు సరిగ్గా కనిపించకపోయినా ఎర్రచుక్కా దాని చుట్టుపక్కల పెద్దవీ కనిపించేవి. చెయ్యి అడ్డం పెట్టుకుని దారం బిగించి చూసింది. సందేహం లేదు. అది నిజంగానే వెనక్కి తిరిగింది. పైగా కొంచెం కొంచెం వెలుగు తగ్గుతోంది. తన దారం తప్పు కాదు. నర్సమ్మ చార్టూ తప్పు కాదు. అదే ఆమెకు మరింత బాధ కలిగించింది. ఇద్దరిలో ఎవరూ తప్పు చెయ్యని దాని కోసం అంత మాట అన్నది.

పదో రోజు రాత్రి గుడ్డను భోజనాల బల్ల మీద పరిచి డ్రైవరుకు చూపించింది. సూదులు ఒక వైపు వరసగా వచ్చి, ఒకచోట గుంపుగా ఆగి, వచ్చిన దారినే మళ్ళాయి. ఆయన పప్పన్నం కలుపుకుంటూ చూశాడు. కలపడం ఆపి మళ్ళీ చూశాడు.

"ఇది ఎక్కడో చూశాను" అన్నాడు.

"ఆకాశం వంక మీరెప్పుడు చూశారు?"

"ఆకాశంలో కాదు, రోడ్డు మీద. రేపు సాయంత్రం నా బస్సెక్కు. వదినని కూడా తీసుకురా."

"రాదండీ."

"నేను పిలుస్తాను."

పొద్దున్నే ఆయన పైకెళ్ళి తలుపు తట్టాడు. కాలరమ్మ కింద మెట్ల పక్కన నిలబడి వింది. "వదినా, మా ఆవిడ మెడ సంగతి నీకు తెలుసుగా. బస్సు కుదుపుకి ఏమైనా అయితే పక్కన ఓ నర్సు ఉండాలి. సాయంత్రం ఆరింటికి స్టాపులో ఉండు."

"కుదుపు లేకుండా నడపలేవా?" అంది నర్సమ్మ గొంతు.

"ముప్పై ఏళ్ళుగా ప్రయత్నిస్తూనే ఉన్నాను."

ఆరింటికి స్టాపులో ఇద్దరూ రెండు చివర్ల నిలబడ్డారు. బస్సు వచ్చాక కండక్టరు వాళ్ళను ఎడమ వైపు కిటికీ సీట్లో పక్కపక్కన కూర్చోబెట్టాడు. డ్రైవరు చెప్పి ఉంచాడు కాబోలు. పక్కపక్కన కూర్చున్నా మధ్యలో నర్సమ్మ సంచి ఉంది.

ఊరి చివర రోడ్డు రైలు పట్టాల పక్కనే చాలా దూరం పోతుంది. పట్టాలకు అవతల ఖాళీ పొలాలు, వాటికవతల ఎక్కడో ఒక ఫ్యాక్టరీ దీపాలు, తెల్లగా వరసగా. చీకటి పడుతోంది. ఒక స్టాపులో బస్సు ఆగి ఉండగా గూడ్సు రైలొకటి బద్ధకంగా వాళ్ళను దాటుకుంటూ పోయింది. చిట్టచివరి పెట్టెకు ఎర్రదీపం ఉంది.

డ్రైవరు తల తిప్పకుండానే గట్టిగా చెప్పాడు. "ఆ ఎర్రదీపాన్ని చూస్తూ ఉండండి. దాని వెనక తెల్లదీపాల మీద అది ఎటు పోతోందో చూడండి."

ఎర్రదీపం ఫ్యాక్టరీ దీపాలను ఒక్కొక్కటే దాటుకుంటూ ముందుకు పోతోంది. బస్సు కదిలింది. కాస్త వేగం అందుకునేసరికి ఎర్రదీపం ఒక తెల్లదీపం దగ్గర నిలబడిపోయింది. బస్సు ఇంకాస్త వేగం అందుకుంది. ఎర్రదీపం మెల్లగా వెనక్కి నడవడం మొదలుపెట్టింది. దాటి వచ్చిన దీపాలనే మళ్ళీ ఒక్కొక్కటీ దాటుకుంటూ, ఏ తొందరా లేకుండా, నిద్రలో నడిచేదానిలా. రైలు చక్రాలు ముందుకే తిరుగుతున్నాయి. దీపం వెనక్కి పోతోంది. తర్వాతి స్టాపు కోసం బస్సు నెమ్మదించగానే అది మళ్ళీ ఆగి, మళ్ళీ ముందుకు సాగింది.

ఇద్దరూ కిటికీకి మొహాలు ఆనించి చూస్తున్నారు. ఊపిరి ఆవిరి అద్దం మీద కమ్మితే నర్సమ్మ కొంగుతో తుడిచింది, ఇద్దరి ముందూ తుడిచింది.

"అది వెనక్కి పోవట్లేదు. దాని పక్కనుంచి మనం పోతున్నాం" అంది కాలరమ్మ మెల్లగా.

నర్సమ్మ సంచిలోంచి ఒక పుస్తకం తీసింది. అట్ట ఊడిన గ్రంథాలయం పుస్తకం. ఒక పేజీలో బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి ఉంది. అక్షరాలను కంటికి దగ్గరగా పెట్టుకుని చదివింది. "కుజుడు సూర్యుని చుట్టూ భూమికంటే నెమ్మదిగా తిరుగుతాడు. భూమి అతన్ని దాటే కాలంలో, మామూలుగా తూర్పుకు నడిచే అతడు చుక్కల మధ్య పడమరకు, అంటే వెనక్కి, నడిచినట్టు కనబడతాడు. ఆ నడక మొదలైనప్పుడూ, ముగిసినప్పుడూ కాసేపు నిలబడినట్టుంటాడు." పుస్తకం మూసింది. "నాలుగు రోజుల కిందటే దొరికింది. ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కలేదు. అంటే మనం మొదలుపెట్టేటప్పటికే వాడు పిల్లలకోడి వైపు, పడమరకు, వెనక్కి నడుస్తున్నాడు. మనం వెనక్కి తిరిగాడనుకున్నది వాడు మళ్ళీ తన దారిన తను పడటం."

"మరి నాకు చెప్పలేదేంటక్కా, నాలుగు రోజులుగా?"

"ఏమని చెప్పను? నీ దారం సరైందే అని చెప్పాలి. అది చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది."

కాలరమ్మ మధ్యలో ఉన్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఆ రోజు అన్న మాట..."

"వదిలెయ్. ఆయన చార్టు నేను ఇప్పటికీ చదువుకుంటుంటాను. ఎక్కడ తప్పు రాశానా అని. లేదు. తప్పు లేదు." కాసేపు బయటికి చూసింది. "అప్పుడు కూడా, కిందికి రమ్మన్నావు కదా నువ్వు. నాకు ఖాళీ చెయ్యమన్నదొక్కటే వినిపించింది."

వెనక సీట్లో ఎవరో దగ్గారు. కండక్టరు వచ్చి, "అమ్మా, ఎక్కడ దిగుతారు?" అని అడిగాడు. ఎక్కడ దిగాలో ఇద్దరికీ తెలియలేదు. చివరిదాకా వెళ్ళి అదే బస్సులో తిరిగి వచ్చారు.

నర్సమ్మ కిందికి మారలేదు. ఆ గదుల్లో భర్త ఉన్నాడని ఆవిడ అనేది, అంతకంటే వివరించేది కాదు. కానీ రాత్రి వంట మాత్రం ఇద్దరిదీ ఒకే పొయ్యి మీద అయింది. ఎర్రచుక్క మొదటి సూదుల దాకా వెంటనే తిరిగి వెళ్ళలేదు గానీ, చలి తగ్గేనాటికి వెళ్ళింది, వాటిని దాటింది, చిన్నబోయి మామూలు చుక్కల్లో కలిసిపోయింది. కాలరమ్మ దాని ఆఖరి సూది గుచ్చిన రోజు కాస్త దిగులుపడింది. రైలెక్కించి వచ్చిన చుట్టాన్ని తలుచుకున్నట్టు రెండు రోజులు తలుచుకుంది.

ఆసుపత్రి అమ్మాయి మెడ తిప్పించి చూసి, ఏం చేశారని అడిగింది. "మీరు చెప్పిందే" అంది కాలరమ్మ. పూర్తిగా నయం కాలేదు, కాదు కూడా అని ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. సూపర్‌వైజరుతో మాట్లాడుకుని కాలరమ్మ పొద్దున పూట కాలర్లు కుట్టేది, మధ్యాహ్నం కొత్తగా చేరినవాళ్ళకు నేర్పేది. మూల ఎలా తిప్పాలో చూపించాక, "ఇప్పుడు లేచి నిలబడి ఓసారి కిటికీలోంచి పైకి చూడండి" అనేది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. తర్వాత చూసేవారు.

ఎండలు ముదిరాక, అమావాస్య నాడు, డ్రైవరు వాళ్ళిద్దరినీ మళ్ళీ తన బస్సులో, రాత్రి ఆఖరి ట్రిప్పులో ఎక్కించుకున్నాడు. ఊరికి చాలా దూరంగా, ఒక షెడ్డూ ఒక బెంచీ తప్ప ఏమీ లేని చివరి స్టాపు అది. దీపం లేదు. బస్సు అక్కడ ఇరవై నిమిషాలు ఆగి వెనక్కి వస్తుంది. దిగాల్సినవాళ్ళు దిగి చీకట్లో ఎటో వెళ్ళిపోయారు. డ్రైవరు బస్సు లైట్లన్నీ ఆపేశాడు. ఇంజను ఆగాక ఎక్కడి నుంచో కీచురాళ్ళ చప్పుడు పుట్టింది.

నర్సమ్మ తలెత్తి చూసి నిట్టూర్చింది. "ఇంత దూరం వస్తే మబ్బు పట్టింది."

తూర్పు నుంచి నిజంగానే ఒక పొడవాటి మబ్బు లేస్తోంది. పల్చగా, పాలిపోయిన రంగులో, చీలికలు చీలికలుగా, ఉత్తరం నుంచి దక్షిణం దాకా. సరేలే, గాలికి పోతుందిలే అని కండక్టరుతో కలిపి నలుగురూ బస్సు మెట్ల మీదా, బెంచీ మీదా కూర్చున్నారు. అయిదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. గాలి వీస్తోంది. మబ్బు చెదరలేదు. చుక్కలు దాని వెనక పోవడం లేదు. దానిలోంచే కనిపిస్తున్నాయి. చుక్కలు లేచినకొద్దీ వాటితో పాటే అదీ మెల్లగా, మొత్తంగా పైకి లేస్తోంది.

"అక్కా, అది మబ్బు కాదు" అంది కాలరమ్మ.

నర్సమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. కండక్టరు టోపీ తలకింద పెట్టుకుని నేల మీదే వెల్లకిలా పడుకున్నాడు. కాలరమ్మ కూడా అతని పక్కన, ఇసుకలో, ఎవరేమనుకుంటారని చూడకుండా పడుకుంది. కింద నేల ఇంకా వెచ్చగా ఉంది. పైన ఉన్న పాలపుంత ఎంత దూరమో, ఎన్ని చుక్కల పిండో తెలియదు. తెలుసుకోవచ్చు, ఆ పుస్తకంలో ఎక్కడో ఉండే ఉంటుంది. ఇప్పుడే అక్కర్లేదనిపించింది.

ఆ రోజు ఆఖరి బస్సు పదకొండు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. ఎక్కడానికి వేరే ప్రయాణికులెవరూ లేరు కాబట్టి ఎవరూ అడగలేదు.